సుస్థిర సేద్యం, విశ్వవిద్యాలయాల మొక్కల పరిశోధన

ఈ ఏటి దిగుబడి కోసం వచ్చే ఏటి నేలను, నీటిని తినేయకుండా పంట తీయడమే సుస్థిర వ్యవసాయం. ఎరువు తక్కువైనా పండే రకం, తెగులును తానే తట్టుకునే రకం, ముంపుకూ బెట్టకూ చావని రకం, నేలకు నత్రజని మిగిల్చే పంట, తక్కువ తడితో సరిపెట్టుకునే సాగు పద్ధతి: మొక్కల శాస్త్రం ఈ సేద్యానికి ఇవ్వగలిగినవి ఇవి. వీటిలో చాలావాటితో వ్యాపారం నడవదు. పురుగుమందు అమ్మే కంపెనీకి మందు అక్కర్లేని మొక్కతో పని లేదు. రైతు గాదెలో దాచుకుని మళ్లీ విత్తుకునే విత్తనంతో విత్తన కంపెనీకి రెండో ఏడు అమ్మకం ఉండదు. అందుకే ఈ పరిశోధన భారం మొదటి నుంచీ విశ్వవిద్యాలయాల మీద, వాటితో కలిసి పనిచేసే ప్రభుత్వ సంస్థల మీద పడింది. అవి ఏం సాధించాయి, ఎక్కడ ఆగిపోయాయి అన్నది లెక్క చూడవలసిన విషయం. ఆ లెక్కలో తెలుగు నేల వాటా చిన్నది కాదు.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల నమూనా అమెరికాలో పుట్టింది. 1862 నాటి మొరిల్ చట్టం కింద రాష్ట్రాలకు భూములిచ్చి, వాటి రాబడితో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టించారు. కాలక్రమంలో బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే చోట సాగడం వాటి పద్ధతిగా స్థిరపడింది. భారతదేశం 1960ల్లో ఈ నమూనాను తీసుకుంది. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలినాళ్లలో అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం దానికి తోడ్పడింది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత రంగా విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంకు తరలింది. రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరిట తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. పేర్లు, సరిహద్దులు మారినా, ఈ విశ్వవిద్యాలయాల అసలు బలం వాటికంటే పాతవైన పరిశోధన స్థానాల్లో ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో వరి పరిశోధన 1925లోనే మొదలైంది. ఒకే ఊళ్లో, ఒకే నేలలో సార్వా, దాళ్వా వదలకుండా దశాబ్దాల పాటు వరిని గమనించే అవకాశం ఏ ప్రాజెక్టు నిధులతోనూ మూడేళ్లలో కొనుక్కోగలిగేది కాదు.

ఆ స్థానం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 రకానికే స్వర్ణ అని పేరు. వశిష్ఠ, మసూరి రకాలను సంకరం చేసి దీన్ని రూపొందించారు. మసూరి కూడా దేశాలు తిరిగి వచ్చినదే: కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగిన ఇండికా-జపానికా సంకరణ కార్యక్రమంలో పుట్టి, 1965లో మలేషియాలో విడుదలై, తిరిగి భారతదేశానికి చేరింది. స్వర్ణ 140 నుంచి 150 రోజుల పంట. నత్రజని తక్కువ వేసినా చెప్పుకోదగ్గ దిగుబడి ఇవ్వడం దీని గొప్ప గుణం. యూరియా బస్తాల మీద డబ్బు పెట్టలేని సన్నకారు రైతుకు కావలసింది అదే. అందుకే గోదావరి డెల్టా దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బిహార్‌లకు, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కు పాకింది. దేశంలో అత్యధిక విస్తీర్ణంలో సాగైన వరి రకాల్లో ఇదొకటి. ఎరువు ఆదా అన్న మాట ప్రభుత్వ విధాన పత్రాల్లోకి ఎక్కకముందే ఈ రకం ఆ పని మొదలుపెట్టింది.

తూర్పు రాష్ట్రాల పల్లపు పొలాల్లో స్వర్ణను దెబ్బతీసేది ముంపు. నాటిన నెలకో నెలన్నరకో వరద వచ్చి, చేను వారం పైబడి నీటి కిందే ఉంటే పంట కుళ్లిపోతుంది. దీనికి పరిష్కారం ఒడిశా రైతుల దగ్గరే ఉండేది. ధళపుటియా అనే నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ రెండు వారాలు మునిగినా, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. కాకపోతే దాని దిగుబడి తక్కువ. దాని ఓర్పును మేలురకాల్లోకి తేవాలని దశాబ్దాల పాటు ప్రయత్నించారు. ముంపు గుణంతోపాటు అక్కర్లేని గుణాలూ వచ్చి చేరేవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో డేవిడ్ మెకిల్ బృందం 1990ల్లో ఆ గుణానికి మూలం తొమ్మిదో క్రోమోజోమ్‌లో ఉందని పట్టుకుంది. ఆయన తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు వెళ్లారు. ఆయన, డేవిస్‌లో పమేలా రోనాల్డ్, రివర్‌సైడ్ ప్రాంగణంలో జూలియా బెయిలీ-సెరెస్ కలిసి చేసిన పనితో సబ్1 అని పిలిచే ఆ చోట ఉన్న సబ్1ఎ అనే జన్యువు 2006లో వెలుగులోకి వచ్చింది.

ఆ జన్యువు చేసే పని ఇది. మామూలు వరి మునగగానే దాని లోపల ఇథిలీన్ వాయువు పేరుకుంటుంది. ఆ సంకేతంతో మొక్క నీటిపైకి తల ఎత్తాలని గబగబా సాగుతుంది. కాండంలో, ఆకు తొడుగుల్లో దాచుకున్న పిండిపదార్థం ఆ సాగుదలకే ఖర్చయిపోతుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ ఉండదు. సబ్1ఎ ఈ సాగుదలకు కళ్లెం వేస్తుంది. మొక్క పెరగడం ఆపేసి, ఉన్నది దాచుకుని, నీరు పోయేదాకా ఓర్చుకుంటుంది. సబ్1 ఉన్న మడి, లేని మడి పక్కపక్కన ఉంటే నీరు తీసిన మర్నాడు తేడా కనిపించదు. రెండింట్లోనూ ఆకులు బురద పట్టి, పసుపెక్కి, నేలకు అతుక్కుని ఉంటాయి. ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక మడిలో దుబ్బు మధ్య నుంచి పచ్చటి మొవ్వు లేస్తుంది. రెండో మడిలో లేవదు.

జన్యువు ఉన్న చోటు తెలిసింది కాబట్టి, మొలక దశలోనే చిన్న ఆకు ముక్కను పరీక్షించి సబ్1 వచ్చినవాటిని ఏరవచ్చు. అలా ఏరిన మొక్కలను తిరిగి తిరిగి స్వర్ణతోనే సంకరం చేసి, ఆ ఒక్క గుణం తప్ప మిగతాదంతా స్వర్ణే అయిన రకాన్ని కొద్ది ఏళ్లలో తయారుచేశారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. వరి నుంచి వరికి మామూలు సంకరణ ద్వారానే గుణం వచ్చింది. 2009లో భారతదేశంలో స్వర్ణ-సబ్1 విడుదలైంది. దాని ఫలితాన్ని కొలిచిన తీరు కూడా విశ్వవిద్యాలయ పరిశోధనకు మంచి నమూనా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణపు ఆర్థికవేత్తలు అలాన్ ద జాన్‌వ్రీ, ఎలిజబెత్ సదూలే తదితరులు ఒడిశా గ్రామాల్లో లాటరీ పద్ధతిన ఎంచిన రైతులకు ఈ విత్తనం ఇచ్చి, ఇవ్వని రైతులతో పోల్చి చూశారు. పది రోజుల ముంపులో స్వర్ణ కంటే స్వర్ణ-సబ్1 దిగుబడి 45 శాతం ఎక్కువని, ముంపు లేనిచోట నష్టమేమీ లేదని 2013లో ప్రచురించారు. షెడ్యూల్డ్ కులాల రైతుల భూములు ఎక్కువగా ముంపు పల్లాల్లో ఉండటం వల్ల మేలు వారికే అధికంగా చేరుతుందని కూడా ఆ పరిశోధన చూపింది. ఒక జన్యువు ఫలితాన్ని కులం దాకా వెళ్లి కొలవడం అరుదు. ముంపు భయం తగ్గిన రైతులు పంట మీద మరింత పెట్టుబడి పెట్టారని తర్వాతి అధ్యయనం తేల్చింది. పంట పోదన్న నమ్మకం కలిగితే రైతు తీరు మారుతుంది. దిగుబడి పట్టికల్లో ఇది కనిపించదు.

అలాగని సబ్1 అన్ని ముంపులకూ జవాబు కాదు. మొక్క పిలకల దశలో ఉన్నప్పుడు వచ్చే వరదకే అది పనికొస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రైతును ముంచేది చాలాసార్లు అక్టోబరు, నవంబరు తుపాన్లు. అప్పటికి కంకి గట్టిపడి, చేను పడిపోయి, నీళ్లలో నానిన గింజ కంకి మీదే మొలకెత్తుతుంది. అక్కడ కావలసినవి పడిపోని కాండం, కోతకు వచ్చాక రెండు మూడు వారాలైనా మొలకెత్తని గింజ. మార్టేరు శాస్త్రవేత్తలు కొత్త రకాలను ఎంచేటప్పుడు ఈ రెండూ చూస్తారు. ఇక డెల్టా మురుగు కాలువల పూడిక తీయడం ఏ జన్యువూ చేయలేని పని. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో అదీ ఒకటి.

తెగుళ్లకు వస్తే, మందుల వాడకం తగ్గించడానికి అన్నిటికంటే చౌకైన మార్గం రోగనిరోధక రకమే. సన్న బియ్యం అనగానే తెలుగువారికి గుర్తొచ్చే సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, బాపట్లలో రూపొంది 1986లో విడుదలైంది. అన్నం గుణంలో దానికి సాటి లేదు. బ్యాక్టీరియా ఎండాకు తెగులును మాత్రం తట్టుకోలేదు. ఆకు కొన దగ్గర మొదలైన పసుపు, అంచు వెంట అలలు అలలుగా కిందికి దిగి ఆకంతా ఎండిపోతుంది. దీనికి సరైన మందు లేదు. నత్రజని ఎక్కువేస్తే తెగులు ఇంకా పెరుగుతుంది. మాలి దేశపు అడవి వరి ఒరైజా లాంజిస్టామినాటాలో దీనికి నిరోధకత దొరికింది. అందుకు కారణమైన ఎక్స్‌ఎ21 జన్యువును పమేలా రోనాల్డ్ బృందం డేవిస్‌లో 1995లో వేరుచేసింది.

హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు కలిసి ఎక్స్‌ఎ21తోపాటు మరో రెండు జన్యువులను సాంబ మసూరిలో చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేశారు. ఒక్కటి కాక మూడు జన్యువులు ఎందుకంటే, ఒక్కటే అడ్డు ఉంటే బ్యాక్టీరియా దాన్ని తొందరగానే దాటుతుంది. మూడూ మూడు రకాలుగా పనిచేస్తాయి. ఎక్స్‌ఎ21 శత్రువు రాకను పసిగట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. ఎక్స్‌ఎ13 తీరు ఇంకా చిత్రమైనది: తెగులు బ్యాక్టీరియా మొక్క జన్యువు ఒకదాన్ని తనకు అనుకూలంగా పనిచేయించి, కణాల్లోంచి చక్కెర బయటికి కారేలా చేసి తింటుంది, ఎక్స్‌ఎ13 ఉన్న మొక్కలో ఆ జన్యువు మీట మారిపోయి ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియా నొక్కినా పలకదు. వరిని పీడించే మరో తెగులు, అగ్గి తెగులును తట్టుకునే దిశలో జయశంకర్ విశ్వవిద్యాలయం 2015లో తెచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్.ఎన్.ఆర్. 15048, చెప్పుకోదగ్గది. పంటకాలం సుమారు 125 రోజులే కావడంతో నీళ్లూ ఆదా.

నిరోధకత ఎంత గట్టిదైనా, దాన్ని కాపాడుకునే క్రమశిక్షణ లేకపోతే నిలవదని పత్తి చూపించింది. 2002లో దేశంలోకి వచ్చిన బీటీ పత్తి మొదట్లో కాయతొలుచు పురుగులను బాగానే ఆపింది. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే రెండో తరాన్నీ తట్టుకుంది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చి, చేను చుట్టూ వేయమనేవారు. బీటీ విషం సోకని పురుగులు అక్కడ పెరిగి, తట్టుకునే పురుగులతో జతకట్టి, వాటి సంతానంలో ఆ శక్తిని పలచబరచాలన్నది ఉద్దేశం. రెండు మూడెకరాల రైతు పురుగుకు పంట పెట్టడానికి చేను వదులుకోలేడు. చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను వేయనే లేదు. అదే పురుగు మీద అరిజోనాలో కథ వేరుగా నడిచింది. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ తబాష్నిక్ తదితరులు ఏళ్ల తరబడి నిరోధకతను కొలుస్తూ వచ్చారు, రైతులు మామూలు పత్తి వేశారు, 2006 నుంచి సంతానం కలగని రెక్కల పురుగులను వదిలారు. 2018లో అమెరికా పత్తి ప్రాంతాల నుంచి గులాబీ పురుగు పోయిందని ప్రకటించారు. తప్పు మన రైతుది కాదు. చిన్న కమతాల దేశానికి పెద్ద కమతాల సలహాను యథాతథంగా ఇచ్చినవారిది.

నీటి ఆదాలో మొక్క శాస్త్రం కంటే సాగు శాస్త్రమే ఎక్కువ పని చేసింది. వరికి ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలన్న నమ్మకం తప్పని పరిశోధనలు తేల్చాయి. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగంలో చిల్లులు పొడిచి, మడిలో పాతి, లోపలి మట్టి తీసేస్తే చాలు. గొట్టంలో నీటి మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడే మళ్లీ తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం నీరు తగ్గనీయకూడదు. దీనివల్ల దిగుబడి తగ్గకుండా నీరు ఆదా అవుతుంది. నిలవనీటి అడుగున ఊపిరాడని మట్టిలో పుట్టే మీథేన్ సగం దాకా తగ్గుతుంది, నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరిగినా మొత్తం మీద లాభమే. బోరు కింద రైతుకు ఈ పద్ధతి సులువు. కాలువ చివరి భూముల్లో కష్టం. నీరు వచ్చినప్పుడే పెట్టుకోవాలి, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు.

శ్రీ వరి అనుభవం ఇలాంటిదే. మడగాస్కర్‌లో 1980ల్లో ఫ్రెంచి మతాచార్యుడు అన్రీ ద లొలానియే రూపొందించిన పద్ధతిని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ అప్‌హాఫ్ ప్రపంచానికి పరిచయం చేశారు. 2003 ఖరీఫ్‌లో రంగా విశ్వవిద్యాలయం దాన్ని ఉమ్మడి రాష్ట్రమంతటా రైతుల పొలాల్లో వేయించింది. ఎకరాకు రెండు కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల ఎడం, వీడర్‌తో కలుపు తీత. దిగుబడి గురించి చెప్పిన పెద్ద అంకెల మీద శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. విత్తనం, నీరు ఆదా అవుతాయనడంలో లేదు. అయినా పద్ధతి విస్తరించలేదు. లేత నారును ఒక్కొక్కటిగా నాటే కూలీలు దొరకలేదు, వీడర్ నెట్టడం శ్రమ. పరిశోధన మడిలో కూలీ ఖర్చు లెక్కలోకి రాదు. రైతు మడిలో అన్నిటికంటే ముందు వచ్చేది అదే.

నత్రజని సమస్య ఇంకా లోతైనది. యూరియా తయారీకి సహజవాయువు కావాలి, పొలంలో వేసిన దానిలో పెద్ద భాగం గాలిలోకో నీటిలోకో పోతుంది. పప్పుజాతి పంటల వేరు బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని 1880ల్లోనే తేలింది. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నే తెలుగు రైతుకు దాని ఫలితం అంతకుముందే తెలుసు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు రైజోబియం కల్చర్లు తయారుచేసి, విత్తనానికి పట్టించి విత్తమని చెబుతున్నాయి. ఇప్పుడు పెద్ద ప్రశ్న, వరి, జొన్న, మొక్కజొన్నలు కూడా అలా చేయగలవా అన్నది. గైల్స్ ఓల్డ్‌రాయిడ్ బృందం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆ ప్రయత్నం సాగిస్తూ వచ్చింది. పొలానికి చేరడానికి చాలా దూరం ఉంది. ఈలోగా ప్రకృతిలోనే ఒక సమాధానం కనిపించింది. మెక్సికోలోని ఒవహాకా రాష్ట్రం, సియెర్రా మిహే కొండల్లో ఆదివాసీ రైతులు తరతరాలుగా పండిస్తున్న ఎత్తైన మొక్కజొన్న, నేల పైన కాండం మీద వేళ్లు వేసి, వాటి నుంచి చిక్కటి జిగురు కారుస్తుంది. ఆ జిగురులో ఉండే బ్యాక్టీరియా గాలి నుంచి నత్రజని పడుతుంది. మొక్కకు కావలసిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం అలా వస్తోందని డేవిస్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2018లో చూపారు. ఆ విత్తనం వల్ల లాభం వస్తే అందులో ఆ రైతుల ఊరికి వాటా ఉండేలా ఒప్పందం చేసుకున్నారు. ధళపుటియాను కాపాడిన ఒడిశా రైతులకు అలాంటి ఒప్పందం ఏదీ ఉన్నట్టు కనిపించదు.

మెట్ట పంటల మీద పని అంత పేరు తెచ్చుకోలేదు గానీ రాయలసీమకు అదే ప్రాణాధారం. అనంతపురం వేరుశనగ చేలలో 1940లో తిండివనంలో విడుదలైన టి.ఎం.వి. 2 రకం అరవై ఏళ్లకు పైగా రాజ్యమేలింది. కదిరి పరిశోధన స్థానం 2000ల్లో కదిరి 6, ఆ తర్వాత బెట్టను మరింత బాగా తట్టుకునే కదిరి లేపాక్షి ఇచ్చింది. కొత్త రకాలు ఇంత ఆలస్యంగా రైతుకు చేరడానికి కారణం పరిశోధన లోపం ఒక్కటే కాదు. వేరుశనగకు ఎకరాకు అరవై కిలోలకు పైగా గింజలు కావాలి, పండిన పంట ఎనిమిది పది రెట్లు మించదు. వరిలో ఒక బస్తా విత్తనం ఒక్క పంటలో ఊరికి సరిపడా పెరిగితే, ఇక్కడ ఒకరిద్దరు రైతులకే సరిపోతుంది. నంద్యాలలో శనగ, కొర్ర మీద మంచి పని జరిగింది. నిటారుగా ఎదిగి యంత్రంతో కోయడానికి వీలైన ఎన్.బి.ఇ.జి. 47 శనగ, ఎస్.ఐ.ఎ. 3085 కొర్ర అక్కడివే. నల్లరేగడి నేలలో మిగిలిన తేమతోనే పండే శనగ నీటి లెక్కలో వరి కంటే ఎన్నో రెట్లు మేలు.

ఇక మొక్క పనితీరునే మార్చాలనే ప్రయత్నాలు. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాంగ్ బృందం, ఎండ నుంచి నీడకు మారినప్పుడు ఆకు తేరుకోవడానికి పట్టే సమయాన్ని తగ్గించి, సోయాచిక్కుడులో 33 శాతం దాకా అధిక దిగుబడి వచ్చిందని 2022లో ప్రకటించింది. ఆ దిగుబడి వచ్చిన మరుసటి ఏటి ప్రయోగంలో మాత్రం గాలివానకు చేను పడిపోయి తేడా కనిపించలేదు. ఎక్కువ చోట్ల, ఎక్కువ ఏళ్లు పరీక్షించనిదే ఇలాంటి అంకెలు నమ్మరాదన్న విమర్శ సరైనదే. వరిని జొన్న, చెరకుల్లా సూర్యరశ్మిని సమర్థంగా వాడే మొక్కగా మార్చే ప్రయత్నం 2008 నుంచి నడుస్తోంది; ఇంకా ప్రయోగశాల దాటలేదు. చైనాలోని యునాన్ విశ్వవిద్యాలయం బహువార్షిక వరి వీటికంటే ముందుంది. ఎక్స్‌ఎ21కు మూలమైన ఆఫ్రికా అడవి వరి జాతినే థాయ్‌లాండ్ రకంతో సంకరం చేసి, ఒకసారి నాటితే నాలుగేళ్లలో ఎనిమిది కోతలు ఇచ్చే రకాన్ని తయారుచేశారు. హెక్టారుకు కోతకు సగటున 6.8 టన్నుల దిగుబడి, మామూలు వరికి దీటుగా. ఏటా దున్నడం, నారు, నాట్లు తప్పడంతో కూలీ సగానికి పైగా తగ్గింది. 2018లో విడుదలైన ఈ రకాన్ని 2021 నాటికి 44 వేలకు పైగా రైతులు వేశారు. వరి తర్వాత మరో పంట వేసుకునే తెలుగు ప్రాంతాలకు ఇది సరిపడుతుందా అన్నది ఇక్కడి నేలలో పరీక్షించి తేల్చుకోవలసిందే.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ చేసిన కమల సాంబ మసూరి నుంచి, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1 ఎం.టి.యు. 1010 నుంచి వచ్చాయి. రెండింటికీ తల్లి రకాలు బాపట్ల, మార్టేరులవే. కమలలో బయటి జన్యువు లేదు. కంకిలో గింజల సంఖ్యను అదుపు చేసే జన్యువునే సవరించారు. దిగుబడి 19 శాతం పెరుగుతుందని, ఇంచుమించు 20 రోజుల ముందు కోతకు వస్తుందని సంస్థ చెబుతోంది. పంటకాలం ఇరవై రోజులు తగ్గితే ఆదా అయ్యే నీరు తక్కువేమీ కాదు. కానీ 2022లో ఇలాంటి సవరణలను జన్యుమార్పిడి పంటల నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయించారు కాబట్టి, పరీక్షల వివరాలు పూర్తిగా బయటపెట్టాలన్న డిమాండ్ న్యాయమైనది. సవరణకు వాడే పద్ధతుల మీద పేటెంట్లు ప్రధానంగా విదేశీ విశ్వవిద్యాలయాలు, కంపెనీల దగ్గరున్నాయి. విత్తనం రైతు చేతికి వచ్చేలోపు ఆ హక్కుల చిక్కు విప్పాలి.

రసాయన ఎరువులు, మందులు వాడని ప్రకృతి సేద్యం విషయంలో విశ్వవిద్యాలయాలు ఆలస్యం చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి లక్షల మంది రైతులు దానివైపు నడుస్తుంటే, తగిన ఆధారాలు లేవని జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ 2019లో అభ్యంతరం చెప్పింది. ఆధారాలు సేకరించే పనిని ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం చేపట్టింది. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థతో కలిసి రాష్ట్రంలోని వేర్వేరు జిల్లాల పొలాల్లో ప్రకృతి, సేంద్రియ, రసాయన సేద్య పద్ధతులు మూడింటినీ పోల్చి, ప్రకృతి సేద్యంలో దిగుబడి తగ్గలేదని, పైగా పెరిగిందని 2023లో ప్రచురించింది. నేల మీద కప్పిన ఆచ్ఛాదన వల్ల తేమ నిలవడం, వేడి తగ్గడం ఇందుకు తోడ్పడ్డాయని భావించింది. ఒక్క పరిశోధనతో తేలే విషయం కాదిది. ఈ కొలతలు లాం, తిరుపతి, రాజేంద్రనగర్‌లలో ఏళ్ల తరబడి జరగాల్సింది. అనుకూలమో ప్రతికూలమో ముందే నిర్ణయించుకోకుండా కొలిచి చెప్పడమే విశ్వవిద్యాలయం పని.

ఇన్ని ఉదాహరణల్లోనూ కనిపించేది ఒకటే: మంచి జన్యువు దొరకడం కంటే, అది మంచి విత్తనమై రైతు ఇంటికి చేరడమే కష్టం. బ్రీడర్ విత్తనం శాస్త్రవేత్త చేతిలో తయారవుతుంది, దాన్నుంచి ఫౌండేషన్ విత్తనం, దాన్నుంచి ధ్రువీకరించిన విత్తనం. ఈ గొలుసు మొదటి కొస బలహీనపడితే కల్తీ మొదలవుతుంది. 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, రైతు తన పంట విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కును కాపాడింది. విశ్వవిద్యాలయ రకాలు ఊరూరా పాకడానికి ఆ హక్కే ఆధారం. వ్యవసాయ స్థూల ఉత్పత్తిలో ఒక శాతం పరిశోధనకు ఖర్చు చేయాలన్న సిఫారసు పాతదే. దేశంలో ఆ ఖర్చు ఆ స్థాయికి చేరలేదు. పరిశోధన స్థానాల్లో పదవీ విరమణ చేసిన బ్రీడర్ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, ఆయన మడిలో ఉన్న సంకరాల చరిత్ర కూడా ఆయనతోనే పోతుంది. మార్టేరు, బాపట్ల, కదిరి, నంద్యాల, వరంగల్ స్థానాల్లో ఖాళీ పోస్టులు భర్తీ చేయడం, బ్రీడర్ విత్తన ఉత్పత్తికి ఏటా విడిగా నిధి కేటాయించడం రెండు తెలుగు ప్రభుత్వాలూ వెంటనే చేయవలసిన పనులు.